రెండూ ఎడమవే

లెన్ హాలమ్ జర్మన్లకు చిక్కి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు తీరాన, సముద్రం కనుచూపు మేరలో ఉండగానే, అతని పటాలమంతా చేతులెత్తేసింది. షెఫీల్డులో కత్తులకు పిడులు బిగించే పనివాడతను. పట్టుబడ్డప్పుడు ఇరవై మూడేళ్ళు. తర్వాత రైలు పెట్టెల్లో కుక్కి తూర్పుకు తీసుకుపోయారు. బొగ్గు గనిలో రెండేళ్ళు, ఇటుకల బట్టీలో ఏడాది, చివరికి జర్మనీ తూర్పు కొసన సైలీషియాలో ఒక చిన్న పట్నపు పాత నూలు మిల్లు. ఆ మిల్లును సైన్యం బూట్ల డిపోగా మార్చింది.

అక్కడికి వచ్చేవి కొత్త బూట్లు కావు. ఆసుపత్రుల నుంచీ, యుద్ధభూముల నుంచీ గోనెసంచుల్లో వచ్చేవి. తొడుక్కున్నవాళ్ళకు ఇక వాటితో పనిలేదని వేరే చెప్పనక్కర్లేదు. వాటిని కడగడానికి పట్నం నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. పై అంతస్తులో రష్యన్ ఖైదీలు, బల్లకు ముగ్గురు చొప్పున ఎనిమిది బల్లల దగ్గర కూచుని, అడుగులు కుట్టి, మేకులు కొట్టి, ఎడమా కుడీ జత కలిపి బుట్టల్లో వేసేవారు. బుట్ట కింది అంతస్తుకు దిగేది. అక్కడ లెన్‌తో కలిపి ఆరుగురు ఇంగ్లీషు ఖైదీలు జతలను లేసులతో ముడివేసి, పెట్టెకు ముప్ఫై జతలు పేర్చి, మూత బిగించేవారు. ప్రతి బుట్టతోపాటూ బల్ల నంబరు వేసిన చీటీ ఒకటి వచ్చేది. దాన్ని పెట్టె మూత కింద పెట్టాలి. బూటు ఊడిపోతే కుట్టిందెవరో తెలియడానికి. చీటీ లేని పెట్టెను గేటు దాటనిచ్చేవారు కాదు.

ఒకే కప్పు కింద ఉన్నా కింది అంతస్తు బతుకు వేరు, పై అంతస్తు బతుకు వేరు. ఊళ్ళో వేరే పనులకు పోయేవాళ్ళతో కలిపి ఇంగ్లీషువాళ్ళు నలభైమందికి పట్నంలో మూతపడ్డ సారాయి దుకాణం వెనక డాన్సు హాల్లో బస. నెలకో రెండు నెలలకో రెడ్‌క్రాస్ పార్సిలు వచ్చేది. అందులో బిస్కట్లు, టీపొడి, సిగరెట్లు ఉండేవి. ఆదివారం బంతాట. రష్యన్లకు ఏ పార్సిలూ లేదు, ఏ ఉత్తరమూ లేదు. ముల్లంగి నీళ్ళలాంటి సూపు, రంపపు పొట్టు కలిసిన రొట్టె. ఎవడైనా బల్ల మీద వాలిపోతే సాయంత్రానికి ఆ చోట్లో మరొకడు కూచునేవాడు.

ఆరో బల్ల దగ్గర అర్హిప్ అని ఒకడుండేవాడు. వోల్గా అవతల ఏదో పల్లెలో తాతల నాటి నుంచీ చెప్పులు కుట్టే ఇల్లు వాళ్ళది. లెన్ బుట్టలు దింపుకోవడానికి పైకి వెళ్ళినప్పుడల్లా పలకరించేవాడు. ఇద్దరికీ తెలిసిన భాష విరిగిన జర్మను ముక్కలు మాత్రమే. ఒకసారి లెన్ బూటు అడుగు ఊడితే కళ్ళతోనే సైగచేసి విప్పించుకుని, పర్యవేక్షకుడు అటు తిరిగేలోగా కుట్టి ఇచ్చాడు. లెన్ అరముక్క చాక్లెట్టు ఇచ్చాడు. అర్హిప్ దాన్ని మూడు తునకలు చేసి పక్కవాళ్ళిద్దరికీ పెట్టాడు. పక్కన కూచునేవాడు సవేలి, వాళ్ళ ఊళ్ళో లెక్కల పంతులు. సుత్తి పట్టుకోవడం ఇక్కడే నేర్చుకున్నాడట. అతని బొటనవేలు ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేది.

ఇక పెట్టెలు కట్టే ఆరుగురిలో ఒకడైన ఆర్చీ ట్వీడీ సంగతి. గ్లాస్గో నాటకశాలల్లో జనాన్ని నవ్వించి పొట్టపోసుకునేవాడు. పొట్టి మనిషి, పెద్ద చెవులు. అతను లేకపోతే ఆ డాన్సు హాల్లో సగంమంది ఎప్పుడో ఉరేసుకునేవారని లెన్ నమ్మకం. కాపలా ముసలాయన క్నాపె నడక, డిపో అధిపతి కెప్టెన్ ఫోయిట్ ముక్కుతో మాట్లాడే మాట, అన్నీ దింపేసేవాడు. జర్మన్ల పని చెడగొట్టడం కూడా అతనికి ఒక ఆటే. జిగురులో ఉప్పు కలిపేవాడు. బూటు లోపల ఒక్క మేకు మొన పైకి తేల్చి, "ఎవడో జనరల్‌గారి మడమకి నా ముద్దు" అనేవాడు. ఎప్పుడైనా ఒక పెట్టెలో రెండు మూడు జతలు విప్పి, రెండూ ఎడమవే కలిపి ముడేసేవాడు. అలాంటివి ఒకటి రెండు తిరిగొచ్చాయి కూడా. పర్యవేక్షకుడు పైకి వెళ్ళి రష్యన్ల మీద కాసేపు అరిచి దిగొచ్చాడు. అంతకుమించి ఏమీ కాలేదు. ఏమీ కాలేదన్నదే తర్వాత లెన్‌ను జీవితాంతం తినేసింది.

నవంబరులో క్నాపె ఒక కబురు మోసుకొచ్చాడు. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళనూ రోగిష్ఠివాళ్ళనూ కూడా సైన్యంలో చేర్చుకుంటున్నారట. రెండో ఆదివారం చౌకులో ప్రమాణం చేయిస్తారట. నాజీ పార్టీ జిల్లా పెద్ద స్వయంగా వస్తాడట. బూట్లు లేనివాళ్ళకు అక్కడికక్కడే బూట్లు పంచుతారట. అవి ఈ డిపో నుంచే, రెండు పెట్టెలు.

ఆర్చీ కళ్ళు వెలిగాయి. రెండు పెట్టెలంటే అరవై జతలు. ఆ వారం కట్టిన వాటిలో రెండింట్లో ఎడమవన్నీ, ఇంకో రెండింట్లో కుడివన్నీ వేస్తే సరి. కుడివి ఎటూ వేరే బండిలో హంగరీ వైపు పోతాయి. పైవరసలో బూట్ల ముక్కులు కిందికి తిప్పి పెడితే మూత ఎత్తి చూసినవాడికి అనుమానం రాదు.

"లెన్ బాబూ, ఆలోచించు. అరవైమంది ముసలాళ్ళు, నూట ఇరవై ఎడమ కాళ్ళు. ఇలాంటి ఆట ఆడే అవకాశం కింగ్ జార్జికైనా దొరుకుతుందా?" అన్నాడు.

లెన్‌కు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వది. శుక్రవారం మధ్యాహ్నం పర్యవేక్షకుడు తిండికి వెళ్ళిన ముప్పావు గంటలో ఆరుగురూ కలిసి పని ముగించారు. మూతలు బిగించింది లెన్. ఆ పెట్టెలకు వాడిన బుట్టలు ఆరో బల్లవి. చీటీల మీద ఆరు అంకె చూశాడు. చూసే పెట్టాడు. మహా అయితే మళ్ళీ పర్యవేక్షకుడు పైకెళ్ళి అరుస్తాడు, అర్హిప్ తల వంచుకుంటాడు, ఈసారి ఒక ముక్క కాదు, చాక్లెట్టంతా ఇచ్చేయాలి అనుకున్నాడు. అంతవరకే సాగింది అతని ఆలోచన. సుత్తి అందుకుని మేకులు కొట్టాడు.

ఆదివారం పొద్దున చౌకు ఊడవడానికి, బల్లలు మోయడానికి ఇంగ్లీషువాళ్ళను పదిమందిని తీసుకెళ్ళారు. ఆ పదిమందిలో లెన్, ఆర్చీ ఉన్నారు. చీపుళ్ళు పట్టుకుని చర్చి గోడ పక్కన నిలబడి అంతా చూశారు. రొట్టెల దుకాణంవాడు, మందుల షాపాయన, బడి గంట కొట్టే ముసలాయన, ఒకరని కాదు. చేతికి పట్టీ, నెత్తిన ఎవరి టోపీ వాళ్ళది. పెట్టెలు తెరిచి బూట్లు పంచారు. తొడుక్కోండి అని ఆజ్ఞ అయింది. వాళ్ళు వంగారు. చాలాసేపు లేవలేదు.

ఒకడు తన బూట్లు పక్కవాడితో మార్చుకుని చూశాడు. పక్కవాడు ఇంకొకడితో. అరవైమందీ ఒకరి బూట్లు ఒకరు లాక్కుంటున్నారు. వేదిక మీద బ్యాండు మొదలైపోయింది, పార్టీ పెద్ద చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. సార్జంటు కేకేశాడు. ఇక చేసేదిలేక కాళ్ళు దూర్చి నడిచారు. అది నడక కాదు. మడుగులో బాతుల గుంపు ఒకవైపుకే తిరుగుతున్నట్టు వరసంతా ఎడంపక్కకు ఒరిగిపోయి పూలకుండీల మీదికి వచ్చింది. సార్జంటు "ఎడమ, కుడి, ఎడమ, కుడి" అని గొంతు చించుకుంటున్నాడు. ఆర్చీ చీపురు మీదికి వంగి, "కుడి ఎక్కణ్ణించి తెస్తాడ్రా పాపం" అని గొణిగాడు. కిందటి యుద్ధంలో కుడికాలు మోకాలి దాకా పోగొట్టుకుని కొయ్యకాలు పెట్టుకున్న ముసలాయన ఒక్కడే తృప్తిగా ఉన్నాడు. రెండో బూటును చంకలో దాచుకున్నాడు, ఇది అరిగితే అది ఉంటుందని. లెన్ చర్చి గోడకు మొహం ఆనించి నవ్వాడు. పక్కటెముకలు నొప్పిపుట్టేలా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు.

ఆ సాయంత్రం డాన్సు హాల్లో ఆర్చీ మొత్తం ఆడి చూపించాడు. సార్జంటూ అతనే, పార్టీ పెద్దా అతనే, కొయ్యకాలాయనా అతనే. నాలుగేళ్ళుగా పెదవి విప్పనివాళ్ళు నేలమీద పడి దొర్లారు. ఖైదీల పెద్ద సార్జంట్ పెన్‌రోజ్ కూడా, ఎప్పుడూ గంభీరంగా ఉండేవాడు, రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

సోమవారం పొద్దున మిల్లు ముందు నల్లకారు ఆగి ఉంది. అందులోంచి దిగిన ఇద్దరు రహస్య పోలీసులు లోపలికొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. వాళ్ళ చేతిలో రెండు చీటీలున్నాయి. నేరుగా మెట్లెక్కారు. కాసేపటికి అర్హిప్, సవేలి, వాళ్ళ బల్ల దగ్గరి మూడో మనిషి, చేతులు వెనక్కి కట్టి ఉండగా దిగివచ్చారు.

మిల్లు ఆవరణలో నూలు బేళ్ళు పైకెత్తే ఇనుపదూలం ఉండేది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు అందరినీ అక్కడ నిలబెట్టారు. రష్యన్లను ముందు, కడిగే ఆడవాళ్ళను పక్కన, ఊళ్ళోని ఇంగ్లీషువాళ్ళందరినీ వెనక. దుబాసీ ఒక కాగితం చదివాడు. బూట్లు కావాలని తప్పుగా జతకట్టి జర్మన్ సైన్యాన్ని నవ్వులపాలు చేసినందుకు అని అందులో ఉంది. అర్హిప్‌కు ఏమీ అర్థం కాలేదు. దుబాసీ వైపు తిరిగి, ఏ బూట్లు అని అడిగాడు. అరవలేదు, ఏడవలేదు. కొలత సరిగా వినపడని చెప్పులు కుట్టేవాడు మళ్ళీ అడిగినట్టు అడిగాడు. దుబాసీ కాగితం మడుచుకున్నాడు.

లెన్ నోరు తెరిచాడు. పెన్‌రోజ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను పట్టుకోబట్టే ఆగాననుకోవడానికి తర్వాత చాలా ఏళ్ళు ప్రయత్నించాడు లెన్. కానీ ఆ పట్టు గట్టిది కాదని అతనికి తెలుసు.

ముగ్గురినీ ఉరితీసి రెండు రోజులు అలాగే వేలాడదీసి ఉంచారు. ఆ కిందనుంచే బుట్టలు, పెట్టెలు, బండ్లు వెళ్ళాయి. ఇంగ్లీషువాళ్ళకు ఏ శిక్షా లేదు. బంతాట కూడా ఆపలేదు. ఆడడానికి ఎవరూ పోలేదు, అంతే.

హాల్లో లెన్ చెప్పేశాడు, తాను వెళ్ళి ఒప్పుకుంటానని. పెన్‌రోజ్ వద్దన్నాడు. ఇక్కడ నలభైమంది ఉన్నారు, నీ ఒక్కడి మనశ్శాంతికి అందరినీ దూలం కిందికి పంపలేను, పోయినవాళ్ళు ఎలాగూ తిరిగిరారు అన్నాడు. అది నిజమే. ఆర్చీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

మూడోరోజు లెన్ ఎవరికీ చెప్పకుండా క్నాపెను బతిమాలి కెప్టెన్ ఫోయిట్ దగ్గరికి వెళ్ళాడు. ఫోయిట్ అప్పుడు పెన్సిలు చెక్కుకుంటున్నాడు. తలెత్తకుండానే అంతా విన్నాడు. తానొక్కడే చేశానని చెప్పాడు లెన్. బూట్లు విప్పింది, కలిపింది, చీటీలు పెట్టింది తానేనని.

"నాకు తెలుసు," అన్నాడు ఫోయిట్.

ఫోయిట్ పెన్సిలు చెక్కడం ఆపలేదు.

"జత కట్టేది పైన. ముడేసేది కింద, చూసే ముడేస్తారు. నాకామాత్రం తెలీదనుకున్నావా? వచ్చినవాళ్ళకి మధ్యాహ్నంలోగా పేర్లు కావాలి. నీ పేరు రాస్తే జెనీవాలోని రెడ్‌క్రాస్ నుంచి ఉత్తరాలొస్తాయి, విచారణలొస్తాయి. వాళ్ళ పేర్లు రాస్తే ఎవరూ అడగరు. కాగితం వెళ్ళిపోయింది. ఇప్పుడు తప్పుడు మనుషుల్ని వేలాడదీశామని ఇంకో కాగితం రాయమంటావా?"

"నన్ను శిక్షించండి," అన్నాడు లెన్.

"దేనికి? నేరస్థులు దొరికారుగా. పో, పని చూసుకో," అని ఫోయిట్ పెన్సిలు మొన ఊది చూసుకున్నాడు.

మర్నాడు లెన్ తనకున్న రొట్టె, మిగిలిన పార్సిలు డబ్బాలు చొక్కాలో దోపుకుని పైకెళ్ళాడు. ఆరో బల్ల దగ్గర ముగ్గురు కొత్తవాళ్ళు కూచుని ఉన్నారు. ఐదో బల్ల దగ్గర ఒక పెద్దాయన, చెంపలు లోపలికి పోయి ఎముకలు తేలినవాడు, లెన్ వైపు చూశాడు. లెన్ రొట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"మేం జతలు సరిగ్గానే కట్టాం," అన్నాడు ఆ పెద్దాయన, విరిగిన జర్మనులో, నెమ్మదిగా.

లెన్ తలూపాడు. ఆ ఊపుతో అంతా చెప్పేసినట్టయింది. పెద్దాయన చాలాసేపు అతన్ని చూశాడు. తర్వాత సుత్తి తీసుకుని మేకు కొట్టడం మొదలుపెట్టాడు. రొట్టె బల్ల మీదే ఉండిపోయింది. ఆకలికి గోడ సున్నం గీకి తినే మనుషులు వాళ్ళు. ఆ గదిలో ఇరవైనాలుగుమందిలో ఒక్కడూ దాని మీద చెయ్యి వెయ్యలేదు. బుట్ట ఎత్తుకుని లెన్ కిందికొచ్చాడు.

జనవరిలో రష్యన్ సేన దగ్గరపడింది. డిపో ఖాళీచేసి ఖైదీలందరినీ మంచులో పడమటికి నడిపించారు. పై అంతస్తువాళ్ళు ఏమయ్యారో లెన్‌కు తెలియదు. ఏప్రిల్‌లో అమెరికన్లు వచ్చి విడిపించారు. షెఫీల్డుకు చేరాడు. మళ్ళీ కత్తుల పనిలోనే కుదిరాడు. ఎడ్నాను పెళ్ళిచేసుకున్నాడు, పౌలీన్ పుట్టింది. ఖైదు సంగతి అడిగితే చలి, ఆకలి, బంతాట అని చెప్పి ఊరుకునేవాడు.

ఇరవై మూడేళ్ళు గడిచాయి. ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక అల్లుడు టీవీ పెట్టాడు. ఆ ఏడు దేశమంతా చూస్తున్న హాస్య ధారావాహిక అది, జర్మన్ల ఖైదులో ఇంగ్లీషువాళ్ళ చిలిపి పనులు. లెన్ అది ఎప్పుడూ చూసేవాడు కాదు. ఆ రోజు కాలినొప్పి వల్ల కుర్చీలోంచి లేవలేదు. తెరమీద ఖైదీలు బూట్ల పెట్టెలు విప్పుతున్నారు. చౌకు వచ్చింది, బ్యాండు వచ్చింది, లావాటి పార్టీ పెద్ద వచ్చాడు. ముసలి సైనికులు గుండ్రంగా తిరిగి ఒకరి మీద ఒకరు పడ్డారు. కొయ్యకాలాయన రెండో బూటు చంకలో పెట్టుకున్నాడు. ఎక్కడివో నవ్వులు టీవీలోంచి పొంగాయి. పౌలీన్ పొట్ట పట్టుకుంది. అల్లుడు, "మీరూ ఇలాంటివి చేసేవారా మామయ్యా?" అని అడిగాడు.

కథ అక్కడే అయిపోయింది. కెప్టెను టోపీ నేలకేసి కొట్టాడు, సంగీతం వచ్చింది.

మర్నాడు లెన్ వీధి మలుపులోని ఫోను పెట్టె నుంచి గ్లాస్గోకు ఫోను చేశాడు. ఆర్చీతో మాట్లాడి పదేళ్ళు దాటింది. ఎవరో ఏమిటో చెప్పకముందే ఆర్చీకి అర్థమైంది.

"చూశావన్నమాట," అన్నాడు. గొంతు ముసలిదైపోయింది. టీవీవాళ్ళు తనను పిలిపించి పాత సంగతులు చెప్పమన్నారనీ, చెప్పాననీ అన్నాడు. "ఆ చివరిదీ చెప్పాను లెన్. అబద్ధం కాదు. మొత్తం చెప్పాను. వాళ్ళు రాసుకోవడం ఆపేశారు. ఒకతను లేచెళ్ళి నాకు టీ తెచ్చాడు. మంచి కుర్రాళ్ళే. మాది అరగంట ఆట ట్వీడీగారూ, అన్నారు."

నాణెం అయిపోయి ఫోను తెగిపోయింది. ఇంకొకటి లెన్ జేబులో ఉంది, వెయ్యలేదు.

ఆ వారమే టీవీ సంస్థకు ఉత్తరం రాశాడు. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాడు. జరిగింది వరసగా, ఏ విశేషణాలూ లేకుండా, నాలుగు పేజీలు. మీరు కార్యక్రమం ఆపాలని కాదు, ఆ మిల్లులో ఏం జరిగిందో ఎవరో ఒకరికి తెలియాలని, అని ముగించాడు. నెల తర్వాత లావు కవరొకటి వచ్చింది. మా కార్యక్రమం పట్ల మీ ఆదరణకు కృతజ్ఞతలు అని అచ్చువేసిన కార్డు, ఖైదీ వేషాల్లో నవ్వుతున్న నటుల ఫోటో, దానిమీద అందరి సంతకాలు.

ఎడ్నా ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, ఇదెందుకు వచ్చిందని అడిగింది. అప్పుడు చెప్పాడు లెన్, వంటగదిలో నిలబడే, మొదటిసారి. ఆమె కూరగాయల కత్తి పక్కన పెట్టి విన్నది. ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు. వాళ్ళ పేర్లేమిటని అడిగింది.

"అర్హిప్. సవేలి."

"మూడో అతను?"

లెన్ కిటికీ వైపు తిరిగాడు. ఏడాదిపాటు రోజుకు నాలుగుసార్లు ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవాడు.

"గోడవైపు కూచునేవాడు," అన్నాడు. "వీపే కనిపించేది. నేనెప్పుడూ అడగలేదు."